శ్రీ నిలిచింది, స్త్రీ విరిగింది

"మేడమ్, స్త్రీ ఇరిగిపోనాది."

శ్రీకాకుళంలో ఒక డీటీపీ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి అన్న మాట ఇది. ఉత్తరాంధ్ర రచయిత్రుల కథలు కొన్నింటిని ఒక చిన్న పుస్తకంగా మార్చి 8 నాటికి తేవాలని మేము కొందరం అనుకున్నాం. ఖర్చు మా చేతి డబ్బే. బొమ్మ వేయించే స్తోమత లేదు కనక అక్షరాలతోనే అట్ట చేయించుకుందామనుకున్నాం. ఉచితంగా దొరికే అలంకార ఫాంటు ఒకదాన్ని నేనే ఏరి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. చేతిరాతను పోలిన ఒంపులు, తీగల్లా పైకి సాగే తలకట్లు, మెలితిరిగిన కొమ్ములు. చూడముచ్చటగా ఉంది. "ఉత్తరాంధ్ర స్త్రీల కథలు" అని అందులో టైపు చేయించాను.

తెరమీద 'ఉత్తరాంధ్ర' ఎలాగో గట్టెక్కింది. 'స్త్రీ' మాత్రం నిలవలేదు. స ఒకచోట, త ఒత్తు ఇంకోచోట, దాని కాళ్ళమీద పడిపోయినట్టు ర ఒత్తు. ఆ అమ్మాయి 'శ్రీ' కొట్టి చూసింది. పెళ్ళి శుభలేఖ మీదకి సిద్ధంగా ఉన్నంత నిండుగా వచ్చింది. "శ్రీ బాగానే వస్తంది మేడమ్. స్త్రీయే రాట్నేదు" అంది. నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక నాకు నవ్వు రాలేదు. కథల్లో, నవలల్లో స్త్రీ ఎక్కడ విరుగుతోందో వెతకడానికి అయిదేళ్ళు పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. అవన్నీ అచ్చయిన అక్షరాన్ని ఒక పాఠంగా చదవాలని ఒక్కసారీ తోచలేదు. ఈ వ్యాసం ఆ లోటు పూడ్చుకునే ప్రయత్నం.

ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ ఫాంటునే ఎందుకు ఎంచుకున్నాను? ఆడవాళ్ళ పుస్తకం కాబట్టి. అందులో నా ఆలోచన ఏమీ లేదు, అలవాటు తప్ప. నా బీరువాలో ఉన్న స్త్రీల కథా, కవితా సంకలనాలు తీసి నేలమీద పరిచి చూశాను. చాలావాటి మీద పేరు వంకీలు తిరిగిన రాతలోనే ఉంది. పక్కన పెట్టిన విమర్శ గ్రంథాలు, రాజకీయ వ్యాసాల మీద నిటారు అక్షరాలు, మందపాటి గీతలు. లోపల కథలో భర్తను నిలదీసి గడప దాటిన మనిషి, అట్టమీదకి వచ్చేసరికి వాలుజడ వేసుకుని నిలబడింది. ఆ జడ వేసినవాళ్ళలో మనమూ ఉన్నాం. ప్రచురణకర్తలను మాత్రమే తిట్టి చేతులు దులుపుకోలేం.

ఒంపు ఆడవాళ్ళదేనన్న భావం ఎక్కడినుంచి వచ్చింది? తెలుగు లిపిలో ఒంపు లేని అక్షరం వెతికినా దొరకదు. తాటాకు మీద గంటంతో నిలువుగీత, అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రబడ్డాయని లిపి చరిత్రకారులు చెబుతారు. ఆ గంటం పట్టిన చేతుల్లో ఎక్కువ భాగం మగవాళ్ళవే. అలంకార లిపి అనగానే మనకు మొదట గుర్తొచ్చే దస్తూరి బాపు(1933–2014)ది. పుస్తకాల అట్టలమీద, సినిమా పేర్లలో, శుభలేఖల మీద ఆ రాత ఎంతగా పరుచుకుందంటే, డీటీపీ వచ్చాక దాన్ని పోలిన ఫాంట్లే తయారయ్యాయి. ఎంత సొగసుగా ఉన్నా దాన్నెవరూ 'ఆడరాత' అనలేదు. 'బాపు రాత' అన్నారు. అదే చెయ్యి గీసిన ఆడమనిషి మాత్రం 'బాపు బొమ్మ' అయింది. రాత దగ్గర కర్త కనిపిస్తాడు, బొమ్మ దగ్గర అందం కనిపిస్తుంది. మన ఇళ్ళల్లో పెళ్ళికూతుళ్ళను ఇప్పటికీ ఆ రెండో మాటతోనే మెచ్చుకుంటారు.

మరి ఆడవాళ్ళు అలంకారంగా అక్షరాలు రాయలేదా? దిండు గలీబుల మీద రంగు దారాలతో పేర్లు కుట్టారు. గుమ్మం తెరమీద పూసలతో 'సుస్వాగతం' అల్లారు. సంక్రాంతి ముగ్గు మధ్యలో పిండితో శుభాకాంక్షలు రాశారు. దారం ఎటు తిరిగితే అక్షరం అటు తిరగాలి, ఒత్తుకి చోటు ముందే లెక్క చూసుకోవాలి. అది అక్షర రూపకల్పన కాకపోతే మరేమిటి? కాని దాన్ని 'పనితనం' అన్నారు, 'కాలక్షేపం' అన్నారు. లిపి కళ చరిత్రలో ఆ గలీబులకు చోటు లేదు. ఉతికి ఉతికి అవి చిరిగిపోయాయి కూడా.

ఇక 'స్త్రీ' ఎందుకు విరిగిందో చూద్దాం. యూనికోడ్‌లో ఈ ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. చిట్టచివర టైపు చేసిన గుడి దీర్ఘం మొదటి హల్లు నెత్తి మీదకి ఎక్కాలి. మధ్యలోని త, చివరి ర ఒత్తులుగా మారి కిందకి దిగాలి. ఒకదాన్నొకటి తొక్కకుండా సర్దుకోవాలి. ఇదంతా జరగాలంటే ఫాంటు లోపల దానికి సూత్రాలు రాసి ఉండాలి, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆ సూత్రాలను చదవగలగాలి. ఈ రెంటిలో ఏది తప్పినా అక్షరం చెదురుతుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్, ఫొటోషాప్ పాత కూర్పుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే, బాగా చేసిన ఫాంటు కూడా విరిగినట్టే కనిపిస్తుంది. మా విషయంలో సెట్టింగు మార్చాక పొల్లులు పోయాయి, ఒత్తులు దిగాయి. కాని రెండు ఒత్తులూ ఒకదానిమీద ఒకటి పడి నల్లటి ముద్దయ్యాయి. అంటే తప్పు సగం సాఫ్ట్‌వేర్‌ది, సగం ఫాంటుది.

ఫాంటు చేసినవాళ్ళు స్త్రీ ద్వేషులని నేననడం లేదు. తెలుగు ఫాంటు చేయడం ఎంత చాకిరీయో తెలిశాక అలా అనలేను. హల్లులు, గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు కలిపి వందల రూపాలు గీయాలి. ఉచితంగా ఇచ్చే పనికి అంత ఓపిక అందరికీ ఉండదు. అందుకని ఎక్కువగా వాడే మాటలకు ముందు మెరుగు పెడతారు. అలంకార ఫాంటు ఎక్కడ ఎక్కువ వాడతారు? శుభలేఖ, పూజ బ్యానరు, దుకాణం బోర్డు. కనక 'శ్రీ'కి ప్రత్యేకంగా ఒక రూపమే గీసి పెడతారు. 'స్త్రీ' ఎవరి శుభలేఖలో వస్తుంది? ఆ తర్వాత నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. దొరికిన అలంకార ఫాంట్లన్నింటిలో 'అమ్మ', 'మమత', 'సిరి', 'పెళ్ళి' రాసి చూశాను. ఎక్కడా ఇబ్బంది లేదు. 'స్త్రీ', 'స్వాతంత్ర్యం', 'పితృస్వామ్యం', 'అస్తిత్వం' రాసి చూశాను. కొన్ని నిలబడ్డాయి, చాలా చోట్ల స్వాతంత్ర్యం కింద ఒత్తులు తన్నుకున్నాయి. ఎవరూ పన్నిన కుట్ర కాదది. ఏ మాటలు అందంగా ఉండాలో ముందే తేలిపోయిన సమాజం తన పని తాను చేసుకుపోవడం. మనం సాహిత్యంలో భావజాలం అని పిలిచేది కూడా ఇలాగే పనిచేస్తుంది కదా, ఎవరూ కావాలని చేయనట్టు.

ఆ అమ్మాయి ఒక పరిష్కారం చెప్పింది. "ఆడోల్ల కతలు అని ఎట్టీండి మేడమ్. ఒక్క ఒత్తే, సక్కగా వస్తాది." టైపు చేసి చూపించింది. నిజమే, అద్భుతంగా వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ఇందుకే కదా అనిపించింది. జనం నోట ఉన్న మాట పుస్తకం మీదకెక్కడానికి. ఒక క్షణం ఒప్పేసుకున్నాను. తర్వాత సంకలనంలో కథ ఉన్న పెద్దావిడ ఒకరికి ఫోన్ చేస్తే ఆమె ఒప్పుకోలేదు. "మన యాసని సినిమాల్లో పనిమనుషులకీ జోకర్లకీ పెట్టి నవ్విస్తన్నారు. అట్టమీద చూస్తే ఇది కూడా నవ్వులాటే అనుకుంటారమ్మా. లోపల కథలో నా మాట నేను రాసుకున్నాను. అది చదివాక నవ్వమను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా మాట కాబట్టి 'ఆడోల్లు' అని పెట్టుకోవడం వేరు, 'స్త్రీ'ని ఫాంటు మోయలేదు కాబట్టి పెట్టుకోవడం వేరు. మొదటిది ఎంపిక, రెండోది సర్దుబాటు. సర్దుబాటును ఎంపికలా చూపించడం ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వేరే ఫాంటు కోసం వెతుకుతున్నప్పుడు నా కళ్ళు అక్షరాల మీదనుంచి పేర్ల మీదకి మళ్ళాయి. గూగుల్ ఫాంట్లలో ఉన్న తెలుగు అక్షరరూపాల్లో పెద్ద వాటా సిలికానాంధ్ర చొరవతో 2010ల మొదట్లో వచ్చినవి. పురుషోత్ కుమార్ గుత్తుల, అప్పాజీ అంబరీష దర్భా వంటివారు వాటిని రూపొందించారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. లెక్కపెడితే ఎనిమిదిమందీ సరిపోయారు. వీళ్ళను పోషించాడని చెప్పుకునే శ్రీకృష్ణదేవరాయ కూడా ఉన్నాడు. అంటే భువనవిజయం సభ మొత్తం ఫాంటు మెనూలో కొలువుదీరి ఉంది. ఇంకా ఎన్టీఆర్, మండలి, సురవరం, రవిప్రకాశ్, లక్కిరెడ్డి. మా ప్రాంతం నుంచి ఇద్దరు: గురజాడ, గిడుగు. అంతకుముందు ఉచితంగా వచ్చిన యూనికోడ్ ఫాంట్లు పోతన, వేమన.

ఆడపేరు లేదా అంటే, ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫాంటు పేరు గౌతమి. తర్వాత విండోస్ 7తో వచ్చింది వాణి. ఒకటి నది, ఒకటి సరస్వతీదేవి. మగవాళ్ళు కవులుగా, రాజులుగా, నాయకులుగా, పండితులుగా వచ్చారు. ఆడవాళ్ళు నదిగా, దేవతగా వచ్చారు. అక్షరానికి దేవత కావచ్చు, అక్షరం రాసిన మనిషి కాకూడదు. ముంబైకి చెందిన ఏక్‌టైప్ చేసిన బలూ అనే ముద్దొచ్చే అలంకార ఫాంటు కుటుంబంలో ఒక్కో భాషకీ ఒక్కో పేరు పెట్టారు: తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ, గుజరాతీకి భాయ్, తెలుగుకి తమ్ముడు. సరదాగా, ప్రేమగా పెట్టిన పేర్లే. అయినా ఇన్ని భాషలు తిరిగిన ఆ ఇంట్లో ఒక్క అక్కగానీ చెల్లెలుగానీ పుట్టలేదు.

పేరులో ఏముంది, ఫాంటు బాగుంటే చాలదా అని ఒక మిత్రుడు అడిగాడు. పేరులో ఏమీ లేకపోతే ఇంతమంది మగవాళ్ళ పేర్లు ఎందుకు పెట్టినట్టు? అక్షరానికి కవి పేరు పెట్టడమంటే ఇది మన వారసత్వం అని చెప్పడం. రోజూ కొన్ని వేలమంది ఆ జాబితా తెరిచి, పేరు చదివి, ఎంచుకుంటారు. తెలుగు సాహిత్య చరిత్రకి అంతకన్నా ఎక్కువగా చదివే విషయసూచిక ఇంకొకటి లేదేమో. అందులో మొల్ల లేదు, తాళ్ళపాక తిమ్మక్క లేదు, ముద్దుపళని లేదు, తరిగొండ వెంగమాంబ లేదు. మా విజయనగరంలో పుట్టి నవలలతో ఇంటింటికీ చేరిన ద్వివేదుల విశాలాక్షి లేదు.

గురజాడ పేరు దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మా వూళ్ళలో ఆయన పేరు ఇంటిపేరంత దగ్గర. విజయనగరంలో ఆయన ఇంటిముందు ఆగి చూడకుండా నేను ఎప్పుడూ వెళ్ళను. 1910లో వచ్చిన 'దిద్దుబాటు'ను మొదటి తెలుగు కథ అని చదువుకుని పెరిగాం. తర్వాత స్త్రీవాద పరిశోధన 1902లోనే వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి'ని ముందుకు తెచ్చింది. కాని నాకిప్పుడు గుర్తొస్తున్నది వరుస క్రమం గొడవ కాదు. ఆ కథలో భర్తను దిద్దింది కమలిని రాసిపెట్టిన ఉత్తరం. చదువుకున్న ఆడదాని చేతిరాత. ఆ ఉత్తరం ఏ దస్తూరిలో ఉండి ఉంటుంది? గుండ్రంగా, పొందికగా ఉందా, తొందరలో గీకిందా? కథంతా ఆ రాత మీద నిలబడింది, మనకు అది అచ్చక్షరాల్లో మాత్రమే తెలుసు. ఈరోజు ఆ అచ్చక్షరాలకు గురజాడ పేరుంది. కమలిని పేరు, మధురవాణి పేరు లేవు. గురజాడకు పేరు ఉండకూడదని కాదు. ఆయన సృష్టించిన ఆడవాళ్ళే ఆయన పక్కన చోటు అడిగేంత గట్టివాళ్ళు, అంతే.

పేర్లదాకా వచ్చాక పేర్లు లేనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండులో రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఫియోనా రాస్ నాయకత్వాన 2018లో 'విమెన్ ఇన్ టైప్' అనే పరిశోధన మొదలైంది. మోనోటైప్, లైనోటైప్ వంటి పెద్ద సంస్థల డ్రాయింగ్ ఆఫీసుల్లో గత శతాబ్దంలో అక్షరాలను పెద్దవి చేసి గీసి, దిద్ది, కొలిచింది ఎక్కువగా యువతులేనని అది బయటపెట్టింది. రూపకర్తగా చరిత్రకెక్కింది పురుషుడు, అక్షరం అక్షరం గీసింది ఆ అమ్మాయిలు. ఇది చదివినప్పుడు నాకు పొందూరు గుర్తొచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నటి నూలు వడికే ఆడవాళ్ళ చేతులు. ఖద్దరుకి ఊరి పేరు వచ్చింది, కట్టుకున్న నాయకుల ఫొటోలు వచ్చాయి. వడికిన చేతుల పేర్లు రాలేదు. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి బజార్లలో డీటీపీ సెంటర్ల నిండా కూర్చున్న అమ్మాయిల సంగతీ అంతే. మన కవిత్వంలో అచ్చుతప్పులు ముందు పట్టేది వాళ్ళు. విరిగిన ఒత్తును ఒక్కొక్కటిగా జరిపి నిలబెట్టేది వాళ్ళు. పుస్తకంలో ప్రెస్సు పేరు వేస్తాం, ముఖచిత్రకారుడి పేరు వేస్తాం. ఆ అమ్మాయి పేరు వేయాలని నాకే ఎప్పుడూ తోచలేదు.

అన్నీ నిరాశలే కాదు. వెతుకులాటలో 'ఆకాయ తెలివిగల' అనే ఫాంటు దొరికింది. కన్నడ, తెలుగు లిపులకు వైష్ణవి మూర్తి, హువాన్ లూయీస్ బ్లాంకో కలిసి చేసిన ప్రయోగం. అలంకారమే, కాని వయ్యారం లేదు. గీత ఒకచోట బలంగా, ఒకచోట సన్నగా, తనిష్టం వచ్చినట్టు నడుస్తుంది. అందంగా ఉండటమంటే ఒదిగి ఉండటం కాదని అక్షరంతో కూడా చెప్పొచ్చని దాన్ని చూశాకే తెలిసింది. పేరు కూడా తెలివిగలదే.

'ఉచితం' అన్న మాట గురించి కూడా ఒక ముక్క. నేను పైన చెప్పిన గూగుల్ ఫాంట్లు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవి. 2007లో వచ్చిన దాని 1.1 కూర్పు ప్రకారం ఎవరైనా ఆ ఫాంటును వాడుకోవచ్చు, అమ్మే పుస్తకంలో కూడా. పంచవచ్చు, మార్చవచ్చు. ఫాంటును ఒక్కదాన్నీ విడిగా అమ్మకూడదు. మార్చినదాన్ని పంచితే అది కూడా అదే లైసెన్సు కింద పంచాలి. ఒకప్పుడు డబ్బిచ్చి కొన్న ఫాంటు, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోని ఫైలు, ఆపరేటరు మారితే పోయే పుస్తకం, ఇవన్నీ మనలాంటి చిన్న పత్రికలూ సొంత ప్రచురణలూ పడ్డ కష్టాలే. ఆ కష్టం తీర్చినవాళ్ళకు నేను కృతజ్ఞురాలినే. ఉచితంగా వచ్చిందని విమర్శ మానుకోవడం మాత్రం కృతజ్ఞత కాదు. పుట్టింటివాళ్ళు పెట్టింది పెట్టినట్టు కట్టుకోమనే మాటలాంటిదది.

ఆ లైసెన్సులో నన్ను పట్టి ఆపిన షరతు ఒకటుంది. మూల ఫాంటు పేరును దాని కర్త తనకు కేటాయించుకుని ఉంటే, మార్పు చేసినవాళ్ళు ఆ పేరు వాడకూడదు. కొత్త పేరు పెట్టి తీరాలి. అంటే ఎవరైనా ఒక అమ్మాయి కూర్చుని, 'స్త్రీ' కింద ఒత్తులు విడదీసి, 'స్వాతంత్ర్యం' నిలబెట్టి, మళ్ళీ అందరికీ ఉచితంగా ఇస్తే, ఆ అక్షరాలకు ఏ పేరు పెట్టాలో నిర్ణయించేది ఆమే. ఏ ప్రభుత్వాన్నీ ఏ సంఘాన్నీ అడగక్కర్లేదు.

మా అట్ట ఏమైందో చెప్పి ముగిస్తాను. మొత్తం పేరుకి సాదా నిటారు అక్షరాలు వాడాం. 'స్త్రీ' ఒక్కదాన్ని ఆ అమ్మాయే కాగితం మీద రాసింది. నాలుగు కాగితాలు పోయాయి. అయిదోదానిలో త ఒత్తు దిగువకి, ర ఒత్తు ఎడమకి చాపి, రెంటికీ మధ్య వేలెడు ఖాళీ వదిలింది. "ఊపిరాడాలి కదా మేడమ్" అంది. స్కాన్ చేసి అదే పెట్టాం. పుస్తకం మూడో పేజీలో 'అక్షర రూపం' అని ఆమె పేరు వేస్తామంటే, "నా పేరెందుకు, నానేటి సేసినాను?" అని మొహమాటపడింది. తర్వాత పుస్తకం వచ్చాక రెండు కాపీలు అడిగి తీసుకెళ్ళింది, ఒకటి వాళ్ళమ్మకి. పత్రికలో మాత్రం పేరు రాయొద్దంది కనక ఇక్కడ రాయడం లేదు.

ఆ 'స్త్రీ'ని ఇప్పుడు వెనక్కి చూస్తే అంత అందంగా ఏమీ ఉండదు. కొంచెం ఎడమకి వాలింది. కాని విరగలేదు.